దుఃఖపు పాట వినవచ్చునా?



మా ఎనుమాములలో కన్నీటికి ఒక ఋతువున్నది. ఫిబ్రవరి, మార్చి నెలలలో మార్కెట్టు యార్డుకు మిర్చి బస్తాలు వచ్చి గుట్టలుగా పడును. గాలి మా వైపు తిరిగినచో ఇంటింట దగ్గు, తుమ్ములు. హమాలీలు ముఖములకు తువాళ్లు కట్టుకొని బస్తాలు మోయుదురు. బండిమీద పోవువాడు కన్నులు తుడుచుకొనుచు పోవును. క్రొత్తవాడెవడైన చూచినయెడల ఈ ఊరివారికందరికి ఏదో గొప్ప శోకము కలిగినదని తలంచును. శోకమేమియు లేదు. మిరప ఘాటు, అంతే. మంచి ధర పలికిన దినమున గూడ ఆ కన్నీరే కారును.

కాబట్టి కన్నీరు చూచినంతమాత్రమున హృదయములో ఏమున్నదో తెలియదు. సినిమా హాలులో కార్చు కన్నీరు ఏ జాతికి చెందినది? చనిపోయినట్లు నటించినవాడు చావలేదని ఎరిగియు ఏడ్చుచున్నాము. పైకము ఇచ్చి టిక్కెట్టు కొని ఏడ్చుచున్నాము. ఏడిపింపనియెడల చిత్రము బాగులేదని నిందించుచున్నాము. అది చాలక ఆ పాటలను ఇంటికి తెచ్చుకొని, రాత్రివేళ మరల వేసికొని మరల ఏడ్చుచున్నాము. నిజమైన దుఃఖము వచ్చినప్పుడు తొలగిపోవలెనని ప్రార్థించువారము, లేని దుఃఖమును వెదకికొని పోవుట ఏమి? ఇది తగునా?

ఈ ప్రశ్న మాకు పుస్తకములలోనుండి రాలేదు. మేము ఈ సంఘమునకు కాపరిగా వచ్చిన మొదటి సంవత్సరమున ఒక వృద్ధుని గూర్చి మాకు ఫిర్యాదు అందెను. ఆయన ఆదివారము తప్పక ఆరాధనకు వచ్చును, కానుక వేయును, ఎవరి జోలికిని పోడు. గాని చీకటి పడినచో టేపురికార్డరులో దేవదాసు చిత్రపు పాటలు పెట్టుకొని ఒంటరిగా కూర్చుండును. ఒక్కొక్కప్పుడు వెక్కి వెక్కి ఏడ్చుట ప్రక్కయింటికి వినబడును. సంఘపు మనిషి త్రాగుబోతు పాటలు వినుట ఏమి సాక్ష్యమని అడిగిరి. మేమప్పుడు చిన్నవారము, సెమినరీలో నేర్చినదంతయు ఇంకను వేడిగా ఉండెను. వెళ్లితిమి, నాలుగు మాటలు చెప్పితిమి, ఆ క్యాసెట్టు అడిగి తీసికొంటిమి. ఆయన ఎదురు చెప్పలేదు. మేము గడప దాటుచుండగా మాత్రము ఒక మాట అడిగెను.

“అయ్యగారూ, గుడిల మనం పాడేటియన్ని సంతోషం పాటలే గద. మరి ఏడ్వాలంటే ఏ పాట పాడాలె?”

“ప్రార్థన చేసికొనుము, పెద్దయ్యా” అని చెప్పి వచ్చితిమి. అది జవాబు కాదని దారిలోనే మాకు తెలిసినది. అయినను క్యాసెట్టు మా బీరువాలో పెట్టి తాళము వేసితిమి.

ఆ పాటల సంగతి కొంత చెప్పవలెను. చిన్నవారిలో చాలమందికి దేవదాసు అను పేరు తెలియును గాని వివరము తెలియదు. శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీలో వ్రాసిన ఆ నవల 1917లో అచ్చైనది. హిందీలో చిత్రముగా వచ్చినప్పుడు సైగల్ నటించి పాడెను. తెలుగులో వినోదా సంస్థ పక్షమున డి. ఎల్. నారాయణగారు నిర్మింపగా, వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వములో 1953 జూన్ 26వ తేదీన విడుదలైనది. అక్కినేని నాగేశ్వరరావుగారు దేవదాసు, సావిత్రిగారు పార్వతి. పాటలు సముద్రాల రాఘవాచార్యులుగారు వ్రాసిరి. దేవదాసు పాటలు ఘంటసాలగారు పాడిరి. అన్నియు దుఃఖపు పాటలు కావు. చిన్ననాటి ఆటలపాట ఉన్నది, నాట్యపు పాటలున్నవి. అయినను జనులకు మిగిలినవి ఆ కుమిలిపోవు పాటలే. సంగీతము కూర్చిన సి. ఆర్. సుబ్బురామన్‌గారు చిత్రము పూర్తి కాకమునుపే, 1952 జూన్ నెలలో, చిన్న వయసుననే మరణించిరి. ఆయనకు సహాయకులైన విశ్వనాథన్, రామమూర్తి అనువారు మిగిలిన పని ముగించిరి. కల్పిత మరణమునకు తగిన వాద్యములు కూర్చుటకు వారు కూర్చుండినప్పుడు, తమకు పని నేర్పినవాని నిజమైన మరణము వారి యెదుట ఉండెను. ఆ పాటలలోని విషాదము వట్టి నటన అనుటకు మాకు నోరు రాదు.

అయితే నటన లేదా? ఉన్నది. త్రాగి తూలువానిగా కనబడుటకు నాగేశ్వరరావుగారు కడుపునిండ పెరుగన్నము తిని, రాత్రివేళ నిద్రమత్తు కన్నులతో షూటింగునకు నిలిచెడివారని చెప్పుదురు. చూచినవారు అది మద్యపు మత్తనుకొనిరి. మా ఊరి మిరప కన్నీరు వంటిదే అదియు. దానిని నమ్మి, ప్రేమలో భంగపడినవాడు సీసా పట్టుట ఒక గొప్పతనమన్నట్లు తలంచినవారు ఎందరో! గడ్డము పెంచి పనిమాని తిరుగువానిని “దేవదాసు అయినాడు” అనుట మన భాషలో మాటయై నిలిచినది. అందులో సగము హాస్యము, సగము మెప్పు. ఆ మెప్పు మాకు భయము. త్రాగువాని యింట అతని భార్యకు ఏ రాగమును వినబడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముల మీదికి లేచినప్పుడు ఏ విషాద గీతమును వినిపించుకొనలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. చిత్రము వేరు, దానినుండి తీసిన పాటల మాల వేరు. చిత్రములో ఆ పాటలకు ముందొక తప్పు ఉన్నది. పార్వతి రాత్రివేళ తానే వచ్చి అడిగినప్పుడు దేవదాసు ధైర్యము చాలక వెనుదీసెను. ఆమె దుఃఖమునకును తన దుఃఖమునకును అతడే కారకుడు. ఆ పాటలకు వెనుక ఒక చావు ఉన్నది. ఆమె వాకిటనే, ఆమె బయటికి రాలేని గడియలో, అతడు దిక్కులేనివాడై పడిపోవును. కథ చూచినవాడు జాలిపడును. దానితోకూడ “ఎంత పని చేసితివయ్యా” అనియు అనుకొనును. ఆ పాటలను మాత్రము విడదీసి పళ్లెములోనికో, క్యాసెట్టులోనికో ఎక్కించినప్పుడు ఆ తప్పును రాదు, ఆ చావును రాదు. నడిమి కుమిలిక మాత్రమే వచ్చును. తప్పిపోయిన కుమారుని కథలో పందుల పొట్టు దగ్గర ఆగి, అయ్యో పాపమని గ్రంథము మూసివేసినట్లుండును. అతడు ఆస్తి పంచుకొని ఎందుకు పోయెనో అడుగము; అతడు లేచి ఎక్కడికి వెళ్లెనో చూడము. పొట్టు దగ్గరనే కూర్చుండి దానికి తాళము వేయుచుందుము. దుఃఖపు పాటలలో ఏ కీడైన ఉన్నయెడల ఆ కీడు ఇక్కడనే ఉన్నదని మా తలంపు.

పూర్వపు యంత్రములు ఈ కీడునకు తెలియకయే ఒక కట్టడి చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ లక్క పళ్లెములో ఒక ప్రక్కకు మూడు నిమిషములు, లేదా కొంచెమెక్కువ పాట మాత్రమే పట్టును. అది అయినంతనే ముల్లు గరగర మనును. వినువాడు ఎంత దుఃఖములో ఉన్నను లేవవలెను. పళ్లెము త్రిప్పవలెను, ముల్లు మార్చవలెను, తాళము చుట్టవలెను. మూడు నిమిషములకొకసారి దుఃఖితుని లేపి నిలువబెట్టు యంత్రమది! లేచినవాడు కిటికీలోనుండి బయటికి చూచును, పొయ్యిమీది అన్నము మాడుచున్నదేమో చూచును. తరువాత పెద్ద పళ్లెములు వచ్చినవి, క్యాసెట్టు వచ్చినది. వాటిని గూడ త్రిప్పక తప్పదు. ఇప్పుడు సెల్లుఫోనులో ఒక పాట కాగానే అటువంటి పాటయే మరియొకటి పిలువకయే వచ్చుచున్నది. చెవిలో తీగ పెట్టుకొనినవానిని ఎవరును లేపరు.

ఇటువంటివాడొకనిని మేమెరుగుదుము. మా సంఘపు కుటుంబములోని యౌవనుడే. తాను తలంచిన చిన్నది వేరొకచోట పెండ్లి చేసికొని వెళ్లెను. అతడు పని మానెను, మంచము పట్టెను. రేయింబవళ్లు విషాదపు సినిమా పాటలు, మధ్యలో సీసా. తల్లి యార్డులో మిర్చి తాలు ఏరు పనికి పోయి వచ్చి, అన్నము పెట్టి పిలుచును. వినడు. ఒక సాయంకాలము మేము అక్కడనే కూర్చుండియుండగా ఆమె మూడుమారులు పిలిచినది. మూడవమారు ఆమె కంఠమున వచ్చిన దుఃఖము ఏ గాయకుడును పాడలేడు. అతడు మాత్రము కన్నులు మూసికొని, చెవిలోని వానికొరకు కన్నీరు కార్చుచుండెను.

నాలుగవ శతాబ్దమున పుట్టిన అగస్టీను భక్తుడు తన ‘ఒప్పుకోలు’లో ఈ సంగతినే తన్నుగూర్చి వ్రాసికొనెను. కార్తేజి పట్టణములో చదువుకొనుచున్న దినములలో ఆయనకు విషాద నాటకములనిన ప్రాణము. తాను అనుభవింపగోరని బాధను చూచి మనుష్యుడు ఏల సంతోషించునని ఆయన ప్రశ్న. రంగస్థలముమీది బాధితునికి మనము సహాయము చేయవలసిన పనిలేదు. దుఃఖపడుటకు మాత్రమే పిలువబడితిమి. ఎంత దుఃఖపెట్టిన అంతగా నాటకము వ్రాసినవానిని మెచ్చుకొందుమని ఆయన చెప్పెను. కథలోని రాణి మరణమునకు ఏడ్చుచు తన స్థితిని గూర్చి ఏడ్వనైతినని కూడ ఒప్పుకొనెను. సెమినరీలో దీనిని చదివినప్పుడు మాకిక సందేహము లేకపోయెను. ఆ వృద్ధుని క్యాసెట్టు తీసికొన్నది ఈ బలముతోనే.

అయితే అదే భక్తుడు తన తల్లి చనిపోయినప్పుడు ఏడ్వకూడదని బిగబట్టుకొని, తాళలేక, పిమ్మట ఒంటరిగా ఏడ్చెను. దానినిగూడ దాచక అదే గ్రంథములో వ్రాసెను. మేము ఆ అధ్యాయమును పరీక్షకొరకు చదివితిమి గాని మనస్సున పెట్టలేదు.

లేఖనములు ఈ విషయమున ఒక్క మాటతో తెగనరకవు. సామెతలు 25వ అధ్యాయము 20వ వచనము చూడుడి. దుఃఖచిత్తునియెదుట ఉల్లాసపు పాట పాడుట చలిదినమున బట్ట తీసివేయుట వంటిదని అర్థము. మేము ఆ వృద్ధునికి చేసినది అదే కదా! సౌలును దురాత్మ పీడించినప్పుడు దావీదు సితారా వాయింపగా అతడు నెమ్మది పొందెనని 1 సమూయేలు 16లో ఉన్నది. అంతవరకే చదివి సంగీతము వైద్యమని ప్రసంగించువారున్నారు. రెండు అధ్యాయములు దాటి చదువుడి. అదే చేయి, అదే సితారా, వినువాడు ఆ సౌలే. ఈమారు వినుచునే ఈటె విసరెను. సితారా మారలేదు, వినువానిలో అసూయ వచ్చి కూర్చున్నది. కావున పాట మంచిదా చెడ్డదా అని పాటనే నిలువబెట్టి విచారించుట చాలదు.

మరి ఆ సౌలు చనిపోయినప్పుడు దావీదు ఏమి చేసెను? విలాపగీతము కట్టెను, 2 సమూయేలు మొదటి అధ్యాయములో అది మనకు మిగిలియున్నది. కట్టి ఊరుకొనలేదు, యూదావారికి దానిని నేర్పింపుమని ఆజ్ఞాపించెను. అనగా దుఃఖపు పాట నేర్చుకొనదగిన వస్తువే. దానిని నిదానముగా చదివినవారికి ఒక సంగతి కనబడును. తన్ను అడవులవెంట తరిమినవానిని గూర్చి అందులో ఒక్క నిందయు లేదు. తాను పడిన పాట్ల ఊసే లేదు. యోనాతానును గూర్చి తన గుండె బరువు చెప్పుకొనెను. మిగిలినదంతయు పోయినవారి పేర్లు, వారి బలము, వారికొరకు ఏడ్వవలసిన స్త్రీలు. ఆ యౌవనుని చెవిలోని పాటలో అతడొక్కడే ఉన్నాడు. దావీదు పాటలో పోయినవారున్నారు.

ఇంత తెలిసినను ఆ క్యాసెట్టు మా బీరువాలోనే ఉండెను. అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు గనుక ఆయన యింటికి పోవుటకు మాకు ముఖము చెల్లలేదు. ఏడ్వవలెనన్న ఏ పాట పాడవలెను? మన కీర్తనల పుస్తకము తీసి చూచితిమి. లేవని కాదు. రాగము, తాళము పైన అచ్చువేసి, మెల్లగా పాడుకొనుటకు కూర్చిన కీర్తనలెన్నో ఉన్నవి. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో మరణించినవారు. ఆయనవంటివారి కీర్తనలలో పశ్చాత్తాపపు బరువు ఎంత లేదు! వాటిని మేమే పాడించుట లేదు. శ్రమల కాలమున పాడినను కీబోర్డు తాళమునకు పరుగెత్తించుచున్నాము, చప్పట్లు కొట్టించుచున్నాము. దావీదు మొదలగువారి కీర్తనలలో ఇంచుమించు మూడవ వంతు మొఱలే. 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగియును, చివర ఒక్క ఆదరణమాటయైనను లేదు. ఆ కీర్తన మీద మేము ఇన్ని యేండ్లలో ఒక్కసారియు ప్రసంగింపలేదు. సంఘము విడిచిన చోటును సినిమావారు ఆక్రమించిరని మేము ఫిర్యాదు చేసెదము, విడిచినది ఎవరు?

ఆ వృద్ధుడు మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. నాలుగవ ఆదివారము సాయంకాలము క్యాసెట్టు జేబులో వేసికొని వెళ్లితిమి. ఈమారు మేము ఏమియు బోధింపలేదు. యోబు స్నేహితులు చేసిన మంచిపని మొదటి ఏడు దినములు నోరు మెదపక నేలమీద కూర్చుండుటయే అని మనకు తెలియును; మేము ఏడు నిమిషములైన కూర్చుంటిమి. అప్పుడు ఆయన చెప్పెను.

1998వ సంవత్సరపు ఆరంభ మాసములు మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఆ యేడు పురుగు పట్టి పత్తి పోయినది. మందులమీద మందులు కొట్టినను పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. వరంగల్లు జిల్లా పల్లెలలో ఎందరో రైతులు తమ ప్రాణములు తామే తీసికొనిరి. మేమప్పుడు బడిపిల్లవారము, పెద్దవారు గుసగుసలాడుట మాత్రము గుర్తున్నది. ఈయన కుటుంబము అప్పుడు వేరొక పల్లెలో ఉండెను. పోయినవారిలో ఈయన పెద్దకొడుకొకడు.

“అట్ల పోయినోనికి పాట లేదన్నరు, అయ్యగారూ. మట్టి ఏసి వచ్చినం, అంతే. ఎవ్వరు నోరు తెరవలే. నా కొడుకు తాగేటోడు గాదు. దుక్కి దున్నుకుంట ఈ పాటలే పాడుకునేది. వానికి ఘంటసాల అంటే పానం. వాడు పోయినంక ఈ క్యాసెట్టు వాని పెట్టెల దొరికింది. వాని గొంతు నాకు యాదికి వస్తలేదు ఇప్పుడు. ఈ గొంతు ఇంటె కొంచెం వస్తది.”

ఎదుట కూర్చున్న మేము ఏ ముఖముతో ఉంటిమో చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. ఆయన ఇన్ని రాత్రులు విన్నది దేవదాసును కాదు. పార్వతి ఎవరో ఆయనకు అక్కరలేదు. పాట పాడక పూడ్చివచ్చిన కొడుకునకు, ఆలస్యముగా, దొరికిన పాటతో, ఒంటరిగా ఆ సంస్కారము జరుపుచుండెను. దానిని మేము తాళము వేసి ఆపితిమి.

ఇది చెప్పుట ఆ యౌవనుని నిర్దోషిగా చేయుటకు కాదు. అతని చెవిలోని తీగ తీయుమని నేటికిని చెప్పుచున్నాము. కొంత వినుచున్నాడు, కొంత వినుటలేదు. అతనికిని ఈయనకును ఒకే తీర్పు చెప్పుమన్న మావల్ల కాదు. పాట ఆగిన తరువాత ఒకడు తల్లి పిలుపు వినలేకున్నాడు. ఒకడు పోయిన కుమారుని పిలుపు వినుచున్నాడు. సంఘములో ఇట్టివారి యింటికి పోవునప్పుడు పాట ఏదని మొదట అడుగక, ఎవరికొరకని అడుగవలెనని మేము నేర్చుకొంటిమి. నేర్చుటకు అయిన ఖర్చు మాత్రము ఆయన పెట్టుకొనెను.

ఆ సాయంకాలము క్యాసెట్టు ఆయన చేతికిచ్చి, “పెద్దయ్యా, మేము గూడ వినెదము” అని అంటిమి. ఆయన కొంతసేపు మమ్మును చూచి, దుమ్ము తుడిచి, టేపురికార్డరులో పెట్టెను. టేపు చాల అరిగియున్నది. ఒకచోట కంఠము వణికి మునిగిపోవును. ఆ ముక్క ఆయనయే పాడెను. సన్నని గొంతు, శ్రుతి లేదు. యార్డులో ఆ దినము మిర్చి ఎక్కువ వచ్చినది కాబోలు, గాలి ఘాటుగా ఉండెను. ఇద్దరము కన్నులు తుడుచుకొంటిమి. ఎవరిది ఏ కన్నీరో అడుగుకొనలేదు.

కొంతసేపటికి టక్కుమని మీట పైకి లేచినది. ఆయన మోకాళ్లమీద చేతులు ఊని లేచెను.

“అవుతల పక్క గూడ ఉన్నది, అయ్యగారూ. తిప్పమంటరా?”

“త్రిప్పుము, పెద్దయ్యా” అంటిమి.